ఏడాదికి తగ్గకుండా, మూడేళ్లకు మించకుండా

వకీలు: అక్కా, చట్టంలోని రెండు సెక్షన్లు పక్కపక్కన పెట్టి చెబుతాను, తప్పుంటే ఆపండి. 1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టంలో మూడో సెక్షన్ కోఠా, అంటే వేశ్యాగృహం, నడిపే ఘర్‌వాలీ గురించి. మొదటిసారి నేరం రుజువైతే ఏడాదికి తగ్గకుండా, మూడేళ్లకు మించకుండా కఠిన కారాగారం. పదిహేడో సెక్షన్, నాలుగో ఉపసెక్షన్, ఆ కోఠాలోంచి పోలీసులు కాపాడి తెచ్చిన ఆడమనిషి గురించి. మేజిస్ట్రేటుకు అవసరమనిపిస్తే ఆమెను రక్షణ గృహంలో పెట్టించవచ్చు. ఎన్నాళ్లు? ఏడాదికి తగ్గకుండా, మూడేళ్లకు మించకుండా. అమ్మినవాళ్లకూ అమ్ముడుపోయినవాళ్లకూ ఒకటే కొలత. పైగా ఘర్‌వాలీకి బెయిలు దొరుకుతుంది. ఈమెకు బెయిలు అడగడానికే దారి లేదు, ఎందుకంటే ఈమె ముద్దాయి కాదు. ముద్దాయినయినా బాగుండేదని ఒకామె అంటే నేనేం జవాబు చెప్పాలి?

కార్యకర్త: సెక్షన్లు సరిగ్గానే చెప్పావు తమ్మీ. అంకెలు ఒకటైనంత మాత్రాన ఉద్దేశం ఒకటవుతుందా? రెయిడ్‌లో బయటికొచ్చిన పిల్ల మొదటి వారం ఏం చెబుతుందో నీకూ తెలుసు. పేరు మార్చి చెబుతుంది, ఊరు మార్చి చెబుతుంది, వయసు ఇరవై రెండంటుంది, నా ఇష్టంతోనే వచ్చానంటుంది. అట్లా చెప్పమని నేర్పింది ఎవరు? ఆ పిల్ల మీద అప్పు రాసుకున్నావిడే. మూడో వారంలోనో, రెండో నెలలోనో, హోమ్ వంటింట్లో కూరగాయలు తరుగుతున్నప్పుడు అసలు ఊరి పేరు నోట్లోంచి వస్తుంది. ఏ మేజిస్ట్రేటు ముందూ రాని మాట అది. ఆ మాట వచ్చేదాకా ఆ పిల్లను ఘర్‌వాలీకి అందకుండా ఎక్కడో ఒకచోట ఉంచాలి. ఎక్కడ ఉంచమంటావు?

వకీలు: ఉంచడం వేరు, తాళం వేయడం వేరు. చిన్నపిల్ల సంగతి కాసేపు పక్కన పెడదాం, అక్కడ మనిద్దరికీ పేచీ లేదు. పెద్దావిడ సంగతి చెప్పండి. 2023లో బొంబాయి ములుండ్‌లో ఒక రెయిడ్ జరిగింది. దొరికినామెకు 34 ఏళ్లు. తాను మేజర్‌నని, తనకు పిల్లలున్నారని, ఇంటికి పోతానని చెప్పింది. మేజిస్ట్రేటు ఆమెను ఏడాది పాటు హోమ్‌లో ఉంచమన్నాడు. సెషన్స్ కోర్టు ఆ ఆదేశం కొట్టేసి, మేజరైన స్త్రీ తన ఇష్టంతో చేసే వేశ్యావృత్తి దానంతటదే నేరం కాదని చెప్పాల్సొచ్చింది. ఈ మాట అంతకు మూడేళ్ల ముందే, 2020 సెప్టెంబరులో, బొంబాయి హైకోర్టు చెప్పింది. మలాడ్‌లో పట్టుబడ్డ ముగ్గురు యువతులను ఏడాది పాటు ఉత్తరప్రదేశ్‌లోని హోమ్‌కు పంపమని మజ్‌గావ్ కోర్టు ఆదేశించింది. తల్లులు వచ్చి మా బిడ్డలను మాకివ్వండంటే, మీ కులంలోనే ఈ ఆచారం ఉంది కాబట్టి ఇవ్వమన్నారు. జస్టిస్ పృథ్వీరాజ్ చవాన్ ఆ ఆదేశాన్ని రద్దు చేశారు. మేజర్ స్త్రీని ఆమె ఇష్టానికి విరుద్ధంగా బంధించే అధికారం ఈ చట్టం ఇవ్వలేదన్నారు. హైకోర్టు చెప్పిన మూడేళ్లకు అదే నగరంలో మళ్లీ అదే తప్పు. దీన్ని ఒక మేజిస్ట్రేటు పొరపాటనుకోవాలా?

కార్యకర్త: ఆ రెండు కేసుల్లో నేను నీ పక్షమే. 34 ఏళ్లామెను ఏడాది ఉంచడం అన్యాయం. కులం చూసి తల్లులకు బిడ్డల్ని ఇవ్వకపోవడం మరీ అన్యాయం. కానీ నువ్వు తెచ్చే ప్రతి కేసులోనూ ఆమెకు 34 ఏళ్లు, గొంతు ఉంది, హైకోర్టు దాకా పోయే వకీలున్నాడు. నా దగ్గరికొచ్చే పిల్లకు వీటిలో ఒక్కటీ ఉండదు. ఆమె పేరు ఏ తీర్పులోనూ కనిపించదు కాబట్టి నీ వాదనలోనూ కనిపించదు.

వకీలు: కనిపించనివాళ్ల గురించే నేనూ మాట్లాడుతున్నాను. 1996 ఫిబ్రవరిలో బొంబాయి కామాఠీపురలో, చుట్టుపక్కల పేటల్లో జరిగిన రెయిడ్లు గుర్తున్నాయా? నాలుగు వందలకు పైగా ఆడపిల్లలను తెచ్చారు. సగం దాకా నేపాలీ పిల్లలు. రాత్రికి రాత్రి లారీలెక్కించి సర్కారు హోముల్లో దింపారు. అంతమందికి సరిపడా పక్కల్లేవు, డాక్టర్లు లేరు, వాళ్ల భాష తెలిసినవాళ్లు లేరు. నేపాల్ సర్కారు వెంటనే తీసుకుపోలేదు. చివరికి అక్కడి స్వచ్ఛంద సంస్థలే ముందుకొచ్చి నెలల తర్వాత తీసుకెళ్లాయి. ఈలోగా కొందరు హోముల్లోనే జబ్బుతో పోయారు. వాళ్లను చంపింది ఘర్‌వాలీ కాదు అక్కా. రక్షణ.

కార్యకర్త: రక్షణ కాదు, ఏర్పాట్లు చేసుకోకుండా చేసిన రక్షణ. ఆ తేడా నువ్వు కావాలనే చెరిపేస్తున్నావు. ఆ రెయిడ్లు అట్లా చేయకూడదని నేనూ అంటాను. కానీ ఆ నాలుగు వందల మందిలో ఎంతమంది పిల్లలు పద్దెనిమిది నిండనివాళ్లో అడుగు. వాళ్లు కోఠాలోనే ఉండిపోయి ఉంటే బతికేవాళ్లని నువ్వు ప్రమాణం చేయగలవా? ఎయిడ్స్‌కు మందు దొరకని రోజులవి.

వకీలు: చేయలేను.

కార్యకర్త: ఇంకా వెనక్కి పోదాం. 1917లో డంకన్ రోడ్డు కోఠాలో అకూతాయి అనే ఆమె పారిపోబోయింది. పట్టి తెచ్చి కొట్టి, కాల్చి, చంపేశారు. ఆ కేసు విచారణకొచ్చాక గానీ ఊరికి తెలియలేదు, లోపలున్నవాళ్లకు గడియ బయటినుంచి వేస్తారని, ఒంటి మీది చీర కూడా అప్పు ఖాతాలోనే రాస్తారని. అంతకు ముందు ఆ వీధిలో పోలీసులు తిరగలేదా? తిరిగారు. ఇష్టపడి ఉంటున్నారనుకున్నారు. బొంబాయిలో 1923 నాటి వేశ్యావృత్తి నిరోధక చట్టం ఆ చర్చల్లోంచే వచ్చింది. ఇష్టం అనే మాట వినగానే పోలీసు వెనక్కి తిరిగిపోతే లాభం ఎవరికి? 2013 నుంచి మనుషుల అక్రమ రవాణా నేరంలో బాధితురాలి సమ్మతి లెక్కలోకి రాదని చట్టంలో స్పష్టంగా రాశారు. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 143వ సెక్షన్‌లోనూ అదే ఉంది. ఊరికే రాయలేదు.

వకీలు: అది రవాణా చేసినవాడు 'ఆమే ఒప్పుకుంది' అని తప్పించుకోకుండా రాసిన మాట. వాడి నోరు మూయడానికి పెట్టిన నిబంధనతో ఆమె నోరు మూస్తే ఎట్లా? మీరు 1917 దాకా పోయారు కదా, నేను ఇంకో యాభై ఏళ్లు వెనక్కి పోతాను. 1868లో తెల్లదొరలు అంటురోగాల చట్టం తెచ్చారు. బొంబాయిలో 1870లో మొదలుపెట్టి, రెండేళ్లకు ఆపి, 1880లో మళ్లీ తెచ్చి, 1888లో ఎత్తేశారు. ఆడవాళ్ల పేర్లు రిజిస్టరులో రాయడం, బలవంతంగా పరీక్ష చేయడం, జబ్బుంటే లాక్ హాస్పిటల్‌లో పెట్టి తాళం వేయడం. సిపాయిల ఆరోగ్యం కోసం ఇదంతా. సిపాయిని మాత్రం పరీక్షించేవాళ్లు కాదు. అప్పుడూ ఆమె మేలు కోసమే అన్నారు. ఎవరి మేలైనా కానీ, లోపల పడేది మాత్రం ఎప్పుడూ ఆమే.

కార్యకర్త: ఇప్పటి చట్టం మగవాణ్ణి వదల్లేదు. ఏడో సెక్షన్‌లో ఇద్దరికీ శిక్షే.

వకీలు: ఎనిమిదో సెక్షన్ కూడా చూడండి. వీధిలో నిలబడి పిలిచిన ఆడదానికి మొదటిసారి ఆరు నెలల దాకా జైలు, లేదా ఐదు వందల జరిమానా. అదే పని మగవాడు చేస్తే ఏడు రోజుల నుంచి మూడు నెలలు. ఒకే సెక్షన్, ఒకే నేరం, గరిష్ఠ శిక్ష ఆడదానికి రెండింతలు.

కార్యకర్త: మగవాడికి ఏడు రోజులు కనీసం ఉంది, ఆడదానికి కనీసం లేదు, అది కూడా చెప్పు.

వకీలు: చెప్పాను కదా. ఆ కనీసం పడ్డ మగవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి. సరే, అది వదలండి. ఏడో సెక్షన్ అన్నారు. గుడికి, బడికి, ఆసుపత్రికి, హాస్టలుకు 200 మీటర్ల లోపు ఈ పని చేయకూడదు. కామాఠీపురలో గుడికీ మసీదుకూ బడికీ 200 మీటర్ల అవతల ఉన్న గడప ఒకటి చూపించండి. పక్క గల్లీలోకి తిరిగితే ఇంకో గుడి. అంటే ఈ చట్టం చేతిలో పెట్టుకుని ఆ పేటను చూసే నాగ్‌పాడా పోలీసులు ఏ రోజు ఎవరిని తేవాలనుకుంటే వాళ్లను తేవచ్చు. ఎవరినీ తేకుండా ఉండవచ్చు కూడా. అట్లా ఉన్న చోట పోలీసులకిచ్చే హఫ్తా మామూలు పుడుతుంది. దాన్ని ఎవరూ చట్టంలో రాయలేదు, చట్టం ఇచ్చిన ఖాళీలోంచే మొలిచింది. ఇంక పట్టుకొచ్చాక ఏమవుతుంది? మన తెలుగామె అనుకోండి. స్టేట్‌మెంటు మరాఠీలో రాస్తారు, చదివి వినిపించామని వేలిముద్ర వేయించుకుంటారు. కోర్టులో నేరం ఒప్పుకుంటే జరిమానా కట్టి సాయంత్రానికి బయటపడుతుంది. ఒప్పుకోనంటే జామీను కావాలి. బొంబాయిలో ఆమెకు జామీనుదారు ఎవరు?

కార్యకర్త: ఘర్‌వాలీ.

వకీలు: ఆవిడే. జామీను పెట్టించిందీ ఆవిడే, జరిమానా కట్టిందీ ఆవిడే, దాన్ని అప్పు ఖాతాలో రాసుకుందీ ఆవిడే. 1978లో మోతీరామ్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ దీని మీదే మండిపడ్డారు. మధ్యప్రదేశ్‌లో ఒక పేద తాపీమేస్త్రీ. సుప్రీంకోర్టు బెయిలిస్తే, కింది మేజిస్ట్రేటు పది వేల పూచీ అడిగి, సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉంది కాబట్టి ఆ జామీను చెల్లదన్నాడు. ఊరు కాని ఊళ్లో పట్టుబడ్డ మలయాళీ, కన్నడిగుడు, తమిళుడు, ఆంధ్రుడు అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారును ఎక్కణ్ణుంచి తేవాలని ఆయన ఆ తీర్పులో అడిగారు. ఆంధ్రుడని పేరు పెట్టి మరీ అడిగారక్కా. గోడలు కట్టడానికి వచ్చిన మన కామాఠీల మనవళ్లం మనం. మేస్త్రీ కేసు మన కేసే.

కార్యకర్త: నీ వాదనలో నాకు నచ్చింది ఇదే. జామీను దగ్గర నేనూ ఓడిపోయాను, చాలాసార్లు. కానీ అదే కోర్టు మెట్ల మీద నాకు కనిపించేది నీకు కనిపించదు. ఘర్‌వాలీ తరఫు వకీలే పిల్లల తరఫున కూడా వకాల్తా వేస్తాడు. పక్కన 'తల్లి'ని నిలబెడతాడు. ఆ తల్లి ఆధార్ కార్డు, రేషన్ కార్డు అన్నీ తెస్తుంది. పిల్ల తలూపుతుంది. నేను కల్పించి చెప్పడం లేదు. 1986లో కామాఠీపురలోనే మొదలైన ప్రేరణ సంస్థ 2002లో హైకోర్టుకు పోయింది ఈ సంగతి మీదే. శాంతాక్రూజ్ రెయిడ్‌లో దొరికిన ఆడపిల్లల్ని కింది కోర్టుల్లో ఎట్లా విడిపించుకుపోయారో చూసి హైకోర్టు గట్టి ఆదేశాలిచ్చింది. పద్దెనిమిది నిండని పిల్ల మీద మేజిస్ట్రేటుకు అధికారం లేదు, శిశు సంక్షేమ సంఘం ముందుకే పంపాలంది. దలాల్ తరఫున, ఘర్‌వాలీ తరఫున హాజరైన వకీలు అదే కేసులో బాధితురాలి తరఫున హాజరు కాకూడదంది. మీ వకీళ్ల గురించి హైకోర్టు ఆ మాట రాయాల్సొచ్చిందంటే నేను తొందరపడి తలుపు తీయనంటే తప్పా?

వకీలు: తప్పు కాదు. ఆ తీర్పు చదివితే నాకు సిగ్గేస్తుంది. వకాల్తా అనే కాగితానికే అర్థం పోయింది అక్కడ. కానీ ఒకటి గమనించండి. ఆ తీర్పు గీత గీసింది వయసు దగ్గర. చిన్నపిల్లకు ఒక దారి, పెద్దామెకు ఒక దారి. మీరు ఆ గీత చెరిపేసి అందరినీ చిన్నపిల్లలను చేస్తున్నారు.

కార్యకర్త: గీత ఎక్కడుందో చెప్పు, నేనే దాని మీద నిలబడతాను. పుట్టిన తేదీ కాగితం ఉండదు. ఉన్నది దొంగది. ఎముకల పరీక్ష చేయిస్తారు. ఆ పరీక్షలో అటు రెండేళ్లు, ఇటు రెండేళ్లు తేడా రావచ్చని సుప్రీంకోర్టే 1982లో జయమాల కేసులో ఒప్పుకుంది. రిపోర్టులో 19 అని వస్తే ఆ పిల్లకు 17 కావచ్చు, 21 కావచ్చు. నువ్వు 21 అనుకుని తలుపు తీస్తావు. తప్పయితే ఆ పిల్ల కోఠాలోకి తిరిగిపోతుంది. నేను 17 అనుకుని ఉంచుతాను. తప్పయితే ఒక పెద్దామె కొన్ని నెలలు పోగొట్టుకుంటుంది. ఈ రెండు తప్పుల్లో ఏది తక్కువ?

వకీలు: 19 దగ్గర మీదే రైటు. సందేహం ఉన్నప్పుడు చిన్నపిల్లే అనుకోండి, సంఘం ముందుకు పంపండి, నేను అడ్డు రాను. కానీ 25 అని వచ్చినామెను, 34 అని వచ్చినామెను, ముగ్గురు పిల్లల తల్లిని అదే భయంతో ఉంచుతున్నారు. అక్కడ సందేహం వయసు మీద కాదు, ఆమె బుద్ధి మీద. చదువుకున్నవాళ్లు నీ మంచి నీకు తెలియదని చెప్పడం అది. ఆ కొన్ని నెలల్లో ఆమె ఏం పోగొట్టుకుంటుందో కూడా లెక్క వేయండి. అద్దె కట్టక గది పోతుంది. పిల్లాడి స్కూలు ఫీజు ఆగుతుంది. ఊళ్లో తల్లికి డబ్బు పోదు. బయటికొచ్చాక కొత్త అప్పు చేయాలి. ఎవరి దగ్గర? మళ్లీ ఘర్‌వాలీ దగ్గరే. హోమ్ ఆమెను విడిపించిన చోటికే, ఇంకా లోతుగా తోస్తోంది.

కార్యకర్త: ఊళ్లో తల్లి అన్నావు కాబట్టి చెబుతున్నా. 17-ఎ సెక్షన్ ప్రకారం తల్లిదండ్రులకో, భర్తకో అప్పగించే ముందు వాళ్లు సరైనవాళ్లేనా అని మేజిస్ట్రేటు విచారణ చేయించాలి. ఎందుకు? ఎక్కువసార్లు అమ్మింది వాళ్లే కాబట్టి. మేనమామ, భర్త, పక్కింటి అత్త. ఉద్యోగం అని రైలెక్కించినవాళ్లు మనవాళ్లే తమ్మీ, బొంబాయివాళ్లు కాదు.

వకీలు: విచారణ ఎట్లా జరుగుతుందో చూశారు కదా. ఇక్కణ్ణుంచి మన జిల్లాకు ఉత్తరం పోతుంది. అక్కడ ఒక కానిస్టేబుల్ జీపులో ఊళ్లోకి దిగి, ఫలానావారి అమ్మాయి బొంబాయిలో రెయిడ్‌లో దొరికింది, తీసుకుంటారా అని రచ్చబండ దగ్గర అడుగుతాడు. అప్పటిదాకా ఇళ్లల్లో పనిచేస్తోందనుకున్న ఊరికి ఆ పూటతో అంతా తెలిసిపోతుంది. తల్లి తలుపు వేసుకుంటుంది. 'కుటుంబం తీసుకోవడానికి సిద్ధంగా లేదు' అని రిపోర్టు వస్తుంది. దాని మీద ఇంకో ఏడాది. ఇంకా ఘోరం నాలుగో సెక్షన్. ఈ సంపాదన మీద తెలిసి బతికే, పద్దెనిమిది నిండిన ఎవరికైనా రెండేళ్ల దాకా జైలు. దలాల్ కోసం రాశారు. కానీ కొడుక్కి పద్దెనిమిది నిండిన మర్నాటి నుంచి, తల్లి పెట్టిన అన్నం తింటే వాడూ ముద్దాయే. కాలేజీ చదివే పిల్లాణ్ణి ఆ సెక్షన్ పేరుతో బెదిరించి డబ్బు గుంజడం నేను చూడని సంగతి కాదు.

కార్యకర్త: నాలుగో సెక్షన్ అట్లాగే ఉండాలని నేను అననే అనను. ముసలి తల్లిని, చదువుకునే పిల్లవాణ్ణి అందులోంచి తీసేయాలి. కానీ తీసేసేటప్పుడు జాగ్రత్త. దలాల్ రేపు 'నేను ఆమె మొగుణ్ణి' అంటాడు. చాలామంది విషయంలో అది నిజం కూడా.

వకీలు: అంటాడు.

కార్యకర్త: ఇంకో సంగతి నువ్వెప్పుడూ దాటేస్తావు. మీ నాన్న కామాఠీపురలోని ఖోలీ గది అమ్మేసి ధారావికి ఎందుకు మారాడు? మీ చెల్లెలి పెళ్లి సంబంధాలప్పుడు అడ్రసు అడిగి అడిగి వెనక్కి పోయారు కాబట్టి. నిజాం రాజ్యం నుంచి వచ్చి రాయి మోసి, సున్నం కలిపి, ఈ నగరం కట్టిన కామాఠీల పేరు ఈ పేటకు పెట్టారు. ఆ పేరు ఇప్పుడు నోటితో చెప్పుకోలేకపోతున్నారు. పొద్దున్నే బడికి పోయే ఆడపిల్ల మెట్ల మీద నిలబడ్డవాళ్లను దాటుకుని పోవాలి. మగవాళ్లు ఆ పిల్లను కూడా ధర అడుగుతారు. ఆ పిల్ల న్యాయం ఎవరు చూడాలి? మన చాళ్లవాళ్లు రెయిడ్ కావాలని పోలీసుల దగ్గరికి పోతే వాళ్లను సంకుచితులని కొట్టిపారేయడం నీకు తేలిక.

వకీలు: కొట్టిపారేయను. మా నాన్న మారింది నిజమే. చెల్లెలి కళ్లల్లో నీళ్లు చూసినవాణ్ణి. అయితే పేట పరువు కోసం జరిగే రెయిడ్‌కు రక్షణ అని పేరు పెట్టకండి. పేట శుభ్రం కావాలంటే ఆ మాటే అనండి, దానికి ఇంకో చర్చ పెడదాం. 1996లో హైదరాబాదులో మెహబూబ్ కీ మెహందీ అనే కోఠాల వీధిని ఖాళీ చేయించారు కదా. వీధి ఖాళీ అయింది. ఆడవాళ్లు ఊరంతా చెదిరిపోయి, కనిపించని గదుల్లో అదే పనిలో పడ్డారు.

కార్యకర్త: అందరూ కాదు. ఆ ఖాళీ చేయించిన ఇళ్లలో ఒకదాంట్లోనే ప్రజ్వల సంస్థవాళ్లు ఆ ఆడవాళ్ల పిల్లల కోసం బడి పెట్టారు. తల్లులు చేసిన పని పిల్లలు చేయకుండా ఆగారు. ఉన్నదున్నట్టు చెప్పు.

వకీలు: సరే, ఉన్నదున్నట్టే. ఆ బడికి తాళం లేదు, గమనించండి. తల్లి చేయి పట్టుకుని పంపిన పిల్లలు వాళ్లు. మీరు నమ్మే పని అంతా తాళం లేనిచోటే పండింది. కామాఠీపురలో ప్రేరణవాళ్ల రాత్రి బడి కూడా అంతే. తల్లులే తెచ్చి దింపుతారు.

కార్యకర్త: తల్లి ఇష్టంతో బిడ్డను తెచ్చిందంటే ఆ తల్లి మీద అప్పటికే గడియ లేదన్నమాట. గడియ ఉన్నామె సంగతి నేను అడుగుతున్నాను.

వకీలు: ఆ సంగతికే సుప్రీంకోర్టు జవాబు చెప్పబోయింది. 2022 మే 19న బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో. ధర్మాసనంలో పెద్దాయన మన గుంటూరు జిల్లా జస్టిస్ లావు నాగేశ్వరరావు. రక్షణ గృహాలన్నిటినీ సర్వే చేసి, ఇష్టం లేకుండా ఉంచిన మేజర్ స్త్రీల కేసులు గడువు పెట్టుకుని పరిశీలించి, విడుదల చేయాలని రాష్ట్రాలకు చెప్పారు. ఈ పని చేసేవాళ్లకు కూడా 21వ అధికరణం కింద గౌరవంగా బతికే హక్కుందన్నారు.

కార్యకర్త: మర్నాడు పత్రికలు అంతా చట్టబద్ధం అయిపోయిందన్నట్టు రాశాయి. అయిపోలేదు. ఆ కేసులో కోర్టు వేసిన కమిటీ సిఫారసుల్లో కొన్నిటి మీద కేంద్రం అభ్యంతరం చెప్పింది. అభ్యంతరం లేనివాటినే పార్లమెంటు చట్టం చేసేదాకా అమలు చేయమంది కోర్టు. మిగిలినవి ఇప్పటికీ గాల్లోనే ఉన్నాయి. పోలీసుకు ఏది చేయాలో, ఏది చేయకూడదో తెలియదు. అట్లాంటప్పుడు పోలీసు ఏం చేస్తాడో మనిద్దరికీ తెలుసు.

వకీలు: అలవాటైందే చేస్తాడు. ఇంతకూ మీరు ఇంకా చెప్పని కారణం ఒకటుంది. నేనే చెప్పనా? ఆమెను వదిలేస్తే సాక్షి పోతుంది. ఊరికి పోయినామె రెండేళ్ల తర్వాత మజ్‌గావ్ కోర్టు సమన్లకు రాదు. వచ్చినా ఎదురు తిరుగుతుంది. కేసు కొట్టేస్తారు. అందుకని సాక్షిని లోపల పెట్టి, ముద్దాయిని బెయిలు మీద తిప్పుతున్నారు.

కార్యకర్త: కాదనను. పోలీసుల మనసులో అదే ఉంటుంది, నా మనసులో కూడా కొంత ఉంది. ఘర్‌వాలీకి శిక్ష పడితే ఆ గదిలోకి వచ్చే తర్వాతి పిల్ల ఆగుతుంది. శిక్ష పడాలంటే ఎవరో ఒకరు కోర్టులో నిలబడి వేలు పెట్టి చూపించాలి. ఆ ఒక్కరినీ నువ్వు రెండో రోజే పంపించేస్తే ఎవరు చూపిస్తారు?

వకీలు: ఊళ్లోంచే చూపించమనండి. వీడియోలో ఇచ్చిన సాక్ష్యం చెల్లుతుందని 2003లోనే ప్రఫుల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది మహారాష్ట్ర సర్కారు గెలిచిన కేసు. పక్క జిల్లా కోర్టులో కెమెరా ముందు, తెలుగులో, ఘర్‌వాలీ మొహం చూడకుండా చెప్పవచ్చు. ఇంకా ముందే, రెయిడ్ అయిన వారంలోనే మేజిస్ట్రేటు దగ్గర వాంగ్మూలం తీసుకోవచ్చు. దారి ఉంది. తాళం తేలిక కాబట్టి ఆ దారి వాడరు.

కార్యకర్త: దారి కాగితం మీద ఉంది. వీడియోలో మాట్లాడేటప్పుడు కెమెరాకు ఇవతల ఎవరు నిలబడ్డారో మజ్‌గావ్‌లో జడ్జికి కనిపిస్తుందా? అమ్మిన మేనమామే ఆటోలో కోర్టుకు తెచ్చి ఉండవచ్చు.

వకీలు: ఉండవచ్చు. హోమ్‌లో పెడితే మాత్రం మేనమామ మాయమవుతాడా? ఏడాది తర్వాత గేటు బయట వాడే నిలబడతాడు. 17వ సెక్షన్‌లోనే ఇంకో మాట ఉంది. మేజిస్ట్రేటుకు సాయంగా ఐదుగురు పెద్దమనుషుల్ని పిలవవచ్చు, వీలైతే వాళ్లలో ముగ్గురు ఆడవాళ్లు. ఆ ఐదుగురిలో ఈ పని చేసి మానేసిన తెలుగామెను ఒక్కదాన్ని కూర్చోబెట్టమని అడిగితే ఎంత నవ్వారో. అబద్ధం చెబుతున్నదెవరో, భయపడుతున్నదెవరో ఆమెకు తెలిసినంత మీకూ నాకూ తెలియదు.

కార్యకర్త: ఆ మాట బాగుంది. అది నేనూ అడుగుతాను.

వకీలు: అయితే ఇక రోజుల లెక్క తేల్చండి. ముద్దాయిని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణంలో ఉంది. మేజరని తేలినామెకు కూడా అంతే గడువివ్వండి. పోలీసు లేకుండా, ఘర్‌వాలీ లేకుండా, తెలుగు తెలిసిన ఆడమనిషి అడగాలి. పోతానంటే పోనివ్వాలి.

కార్యకర్త: 24 గంటల్లో ఆ పిల్లకు నిద్ర కూడా తీరదు. విచారణకు చట్టం మూడు వారాల దాకా ఇచ్చింది. నాకు ఆ మూడు వారాలు చాలు. ఏడాది వద్దు, మూడేళ్లు అసలే వద్దు. అంతవరకు వస్తాను.

వకీలు: ఏడాది వదులుకున్నారంటే చాలా దూరం వచ్చినట్టే. కానీ మూడు వారాలంటే గది పోతుంది, పిల్లాడు పక్కింటివాళ్ల దయ మీద పడతాడు. మూడు రోజులు.

కార్యకర్త: పది. పిల్లాడు ఉంటే వాణ్ణి కూడా లోపలికి తెచ్చుకోనిస్తాను. ఫోన్ ఇస్తాను. గేటుకు బయట తాళం ఉండదు.

వకీలు: బయట తాళం లేకపోతే రోజుల లెక్కెందుకు?

కార్యకర్త: గేటు అవతల దలాల్ బైకు మీద కూర్చుని ఉంటాడు కాబట్టి. వాణ్ణి అక్కణ్ణుంచి లేపు, నేను రోజులు తగ్గిస్తాను.

వకీలు: వాణ్ణి లేపాల్సింది నాగ్‌పాడా పోలీసులు. వాళ్లు ఆమెను లేపినంత తేలిగ్గా వాణ్ణి లేపరు.

కార్యకర్త: అందుకే పది అంటున్నా.

వకీలు: ఐదు. అదీ ఉంటానని ఆమె సంతకం పెడితేనే.

కార్యకర్త: ఉంటాననే సంతకానికి సాక్షి కావాలంటావు, పోతాననే సంతకానికి వద్దంటావు. ఆ రెండోది పెట్టేటప్పుడు ఘర్‌వాలీ ఎంత దూరంలో ఉందో ఏ కాగితం మీద రాయిస్తావు?